మూతపడి దిగే నమూనా సీసాలు: ఆరేళ్లు వాడిన తర్వాత

సముద్రపు నీటిలో అత్యల్పంగా ఉండే లోహాలను కొలవడానికి, లోపల టెఫ్లాన్ పూత ఉండి, మూతపడి నీళ్లలోకి దిగి, సుమారు 10 మీటర్ల లోతున నీటి ఒత్తిడికి తెరుచుకునే సీసాలను ఆరేళ్లుగా వాడుతున్నాను. ఓడ చుట్టూ తేలే నూనె, రంగు, తుప్పు పొరను దాటేదాకా చుక్క నీటిని కూడా లోపలికి రానివ్వకపోవడమే వీటి అసలు సుగుణం.

మహాసముద్రపు పైనీటిలో కరిగిన ఇనుము చాలాచోట్ల లీటరుకు 0.2 నానోమోల్‌కు లోపే, అంటే సుమారు 11 నానోగ్రాములకు మించదు. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉన్న తుప్పు రేణువు ఒక్కటి పడితే అంతకన్నా ఎక్కువ ఇనుము వచ్చి చేరుతుంది. అందుకే వీటిని ఉక్కు తీగకు కాక కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో పేనిన తాడుకు కట్టి దించుతాము.

కదిలే భాగాలు ఎక్కువ కావడమే నా ప్రధానమైన ఫిర్యాదు. ఒక్కోసారి సీసా తెరుచుకోదు, ఒక్కోసారి పైకి వచ్చేటప్పుడు కారుతుంది. కారినట్లు చూస్తే తెలియదు కాబట్టి, ప్రతి సీసా నీటి లవణీయతను నీరు పట్టిన లోతున సెన్సర్ చూపిన విలువతో పోల్చుకోనిదే నేను నమ్మను.

ఒక ప్రయాణంలో జింకు మమ్మల్ని బాగా తిప్పలు పెట్టింది. సాధారణంగా లోతుకు పోయేకొద్దీ పోషక లవణమైన సిలికేట్‌తో పాటే పెరిగే జింకు, ఒకే ఒక్క సీసాలో మాత్రం ఏ లోతున దించినా ఆ వరుసకు అందకుండా ఎక్కువగా వచ్చేది. ఆమ్లంతో మళ్లీ కడిగినా తగ్గలేదు. చివరికి విప్పి చూస్తే, మరమ్మతులో ఎవరో సిలికోన్ ఓ-రింగుకు (నీరు కారకుండా అతుకులో బిగించే వలయం) బదులు మామూలు నల్ల రబ్బరుది బిగించారని తేలింది. రబ్బరు తయారీలో జింక్ ఆక్సైడ్ కలుపుతారు. అప్పటినుంచి ఓ-రింగుల పెట్టె తాళం నా దగ్గరే ఉంటోంది.

సీసా ఎంత మంచిదైనా, డెక్ మీదికి వచ్చాక కుళాయి చివరను ఒట్టి చేత్తో తాకితే అంతా వృథా. పౌడరు లేని గ్లోవ్స్, వడకట్టిన గాలి ఉన్న గది, 0.2 మైక్రాన్ల ఫిల్టర్, ఆమ్లంలో వారాల తరబడి నానిన పాలిథిన్ సీసాలు లేనివారు ఈ ఖర్చుకు దిగకపోవడమే మేలు. పోషక లవణాలు మాత్రమే కొలిచేవారికి మామూలు సీసాలే చాలు.