స్టీల్ పట్టీ మీద గీతలు: చేత్తో రుద్దాలా, బఫింగా?

పాత అంబాసిడర్, పద్మిని కార్ల బాడీ మీద ఉండే మెరుపు పట్టీలకు మెరుగు పెట్టే ముందు లోహం తేల్చుకోండి. చేత్తో రుద్దడానికీ, బఫింగ్‌కూ (తిరిగే చక్రంతో మెరుగు పెట్టడం) మధ్య ఈ పోలిక స్టెయిన్‌లెస్ పట్టీకే. క్రోమ్ పూతకు ఎమరీ (గరుకు కాగితం) తగిలిస్తే పూత పోయి కింది నికెల్ పసుపుగా బయటపడుతుంది. అయస్కాంతాన్ని నమ్మకండి, కొన్ని స్టెయిన్‌లెస్ రకాలకూ అది అంటుకుంటుంది.

గోరుకు తగలని గీతకు చేతిపనే మేలు. నీళ్లతో తడిపి రుద్దే ఎమరీ 1000 నంబరుతో మొదలుపెట్టి 1500, 2000 (నంబరు పెరిగేకొద్దీ నునుపు), ఆఖర్న లోహానికి మెరుగు పెట్టే బ్రాసో. గోరుకు తగిలితే 400 నుంచి రావాలి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. ముందటి గీతలు పోయిందీ లేనిదీ అప్పుడే కనబడుతుంది. ఒక నంబరు ఎగ్గొడితే ఎండలో అన్నీ బయటపడతాయి.

లోతు గీతలు, పొడవు పట్టీలు ఉంటే బఫింగే. ముందు సైసల్ (గట్టి నార) చక్రం, తర్వాత కాటన్ చక్రం, దేని సబ్బు (చక్రానికి పూసే మెరుగు ముద్ద) దానికే. చిక్కంతా పట్టీ అంచుతోనే: చక్రం ఆ అంచును పట్టిందంటే పట్టీని లాగి వంచేస్తుంది. అందుకే చెక్కకు బిగించి, చక్రం పట్టీ అంచు మీంచి బయటికి తిరిగేలా పట్టాలి. ఒకేచోట ఆపితే వేడికి రంగు మారుతుంది.

సొట్టలుంటే ముందు లోపలి నుంచి తట్టి సరిచేయాలి. చెన్నైలో పాత బండి భాగాలు అమ్మే పుదుపేటలో పాత పట్టీ ముక్క దొరికితే చక్రం కింద మొదట దాన్నే పెట్టించండి.