ఆటోమేటిక్ హబ్‌లు తీసేసి మాన్యువల్ వేయించాక: కొన్నేళ్ల వాడకం తర్వాత

నా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు కొన్నప్పుడు ముందు చక్రాలకు ఆటోమేటిక్ లాకింగ్ హబ్‌లు ఉండేవి. వాటిని తీయించి, చేత్తో తిప్పే మాన్యువల్ హబ్‌లు వేయించి కొన్నేళ్లవుతోంది. బురదలోనూ ఇసుకలోనూ రాళ్ల దారుల్లోనూ బాగా తిరిగాకే రాస్తున్నాను, కొత్త మోజు ఎప్పుడో తీరిపోయింది. ఎప్పుడో గానీ రోడ్డు దిగని బండికి ఈ మార్పు అనవసరం. తరచూ దిగే బండి అయితే, పాత హబ్‌లు మొరాయించడం మొదలుపెట్టగానే మార్చేయమంటాను.

హబ్ పని చిన్నదే. ముందు చక్రాన్ని, దాని యాక్సిల్ షాఫ్ట్‌ను కలపడం, విడదీయడం. ఫ్రీలో ఉంటే చక్రం తన బేరింగుల మీద తాను తిరుగుతుంది, షాఫ్టులు, ముందు డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె), దానికి శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊరికే ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన జీపులను జనం మామూలు రోడ్ల మీద నడుపుకుంటున్న రోజుల్లో, 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ వాటి కోసం ఇలాంటి హబ్‌లు తయారుచేసి అమ్మాడు. ఆటోమేటిక్ రకం ఆ తర్వాత వచ్చింది, వానలో దిగి తడవాల్సిన పని లేకుండా.

తడవకపోవడం బాగానే ఉంటుంది. కానీ ఆ హబ్ లోపల ఏం జరుగుతోందో సీట్లో కూర్చున్నవాడికి తెలియదు, నా ఇబ్బంది అంతా అక్కడే. నా బండిలో ఉన్నది క్యామ్ రకం. ఫోర్ వీల్‌కి వేసి కదిలిస్తే షాఫ్ట్ తిరుగుతుంది, ఆ తిరుగుడుకి లోపలి ముక్క క్యామ్ ఏటవాలు మీదికి ఎక్కి పళ్లను కలుపుతుంది. విడిపోవాలంటే టూ వీల్‌కి మార్చి కాస్త వెనక్కి పోనివ్వాలి. మరి బురదలో దిగబడితే మనం చేసేదేమిటి? ముందుకీ వెనక్కీ ఊపుతాం. దిశ మారిన ప్రతిసారీ అది ఒకవైపు దిగి రెండోవైపు ఎక్కాలి. సరిగ్గా లాగుడు కావాల్సిన ఆ క్షణంలో ముందు చక్రాలు వదిలేస్తాయి. నిటారు దిగుడులో ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగుతున్నప్పుడూ ఇదే తంతు. చక్రమే షాఫ్ట్‌ను తోయడం మొదలయ్యేసరికి హబ్ ఒకసారి విడిపోయి మళ్లీ పట్టుకుంటుంది. ఆ కుదుపుకి గుండె జారుతుంది.

హబ్‌లు కొత్తగా ఉన్నప్పుడు ఇవన్నీ పెద్దగా తెలియలేదు. పాతబడ్డాక ఒక పక్కది కలిసేది, రెండోది కలిసేది కాదు. ముందు డిఫరెన్షియల్ మామూలుది కాబట్టి శక్తంతా కలవని పక్క షాఫ్ట్‌ను ఊరికే తిప్పడానికే పోయేది, కలిసిన చక్రం కూడా లాగేది కాదు. డాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు మాత్రం దర్జాగా వెలిగేది. అది చెప్పేది ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి, అంటే ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె సంగతి. హబ్ సంగతి దానికి తెలియదు. చివరికి విప్పి చూస్తే గ్రీజు బూడిద రంగుకి తిరిగి జిగురులా అయిపోయింది, వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఇనుప రజను తగిలింది. పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి.

మార్చడం పెద్ద పనేమీ కాదు, కానీ ఒక మెలిక ఉంది. చాలా బండ్లలో ఆటోమేటిక్ హబ్ క్యామ్ స్పిండిల్ (చక్రం బేరింగులు కూర్చునే ఇరుసు) మీదే, బేరింగ్ నట్‌కి ఆనుకుని కూర్చుంటుంది. దాన్ని తీసేస్తే నట్, లాక్ వాషర్ కూడా మాన్యువల్ రకానికి సరిపోయేవి వేయాల్సి రావచ్చు. కిట్‌లో అవి ఉన్నాయో లేదో కొనేముందే అడగండి. నట్ కదిపాక బేరింగ్ బిగింపు మళ్లీ సెట్ చేయాలి, అందాజాగా కాదు, బండి సర్వీస్ పుస్తకంలో ఇచ్చిన కొలత ప్రకారం. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే లూజు ఉందో లేదో తెలిసిపోతుంది. వ్యాక్యూమ్‌తో పనిచేసే హబ్‌లు తీసేవాళ్లు ఆ గొట్టాన్ని మూసేయడం మరచిపోవద్దు. ఇంకొకటి, హబ్ లోపల గ్రీజు కూరేయకండి. పైపైన పల్చగా రాస్తే చాలు. ఎక్కువైతే చలిలో గడ్డకట్టి స్ప్రింగును కదలనివ్వదు.

ఇక వాడకం. హబ్ మీదుండే డయల్‌ను ఫ్రీ నుంచి లాక్‌కి తిప్పితే ఒక్కోసారి లోపలి పళ్లు ఎదురెదురుగా నిలబడి కలవవు. చెయ్యికి మెత్తగా తగులుతుంది. బండిని ఒక అడుగు కదిలిస్తే టక్‌మని కూర్చుంటుంది. ఆ టక్ వినపడ్డాక ఇక అనుమానం ఉండదు. ముందుకూ వెనక్కీ ఎంత ఊపినా, ఎంత దిగుడులో దిగినా వదలదు. నాకు దీని అసలు విలువ ఈ నిశ్చింతే. గట్టిదనం, అందం అన్నీ తర్వాతే. రెండు పక్కలా తిప్పామో లేదో చూసుకోవాలి, అంతే.

కొనేటప్పుడు అనుకోని లాభం ఒకటి దొరికింది. హబ్‌లు ఫ్రీలో ఉంచి లివర్‌ను 4L (ఫోర్ వీల్ లో గేరు)కి వేస్తే ఆ లో గేరు వెనక చక్రాలకు మాత్రమే అందుతుంది. ట్రెయిలర్‌ను ఇరుకు చోట వెనక్కి పెట్టాలంటే ఇంతకంటే హాయి లేదు. గట్టి నేల మీద స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు భాగం బిగుసుకోదు. భారమంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది గనక దీనితో బరువు లాగుడు పనులు పెట్టుకోవద్దు.

మైలేజీ పెరుగుతుందా అని అందరూ అడుగుతారు. పెరగదు. సరిగ్గా పనిచేసే ఆటోమేటిక్ హబ్ కూడా టూ వీల్‌లో విడిపోయే ఉంటుంది కదా, తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

చికాకులూ ఉన్నాయి. బురదలో దిగి, వంగి, డయల్ సందుల్లో ఎండిన మట్టిని గీకి తిప్పాలి. దీనికి నా దగ్గర మందు ఒకటే, దారి చెడిపోతుందని అనిపించగానే ముందే లాక్ చేసుకోవడం. లాక్ చేసి టూ వీల్‌లో నడిపినా ఏమీ కాదు, షాఫ్టులు ఊరికే తిరుగుతాయంతే. ఫోర్ వీల్ వేసి పొడి తారు రోడ్డు మీద నడపడం మాత్రం వేరే విషయం, అది ఎవరూ చేయకూడదు. డయల్ బిగుసుకుంటే ప్లయర్‌తో మెలేయకండి, ప్లాస్టిక్ డయల్ అయితే విరిగి చేతికొస్తుంది. లోహపు డయల్ ఉన్నవే తీసుకోండి. మధ్యలో పొడుచుకొస్తుంది కాబట్టి పాత వీల్ క్యాప్ పట్టదు. బండి ఇంకొకరికి ఇచ్చినప్పుడు హబ్ సంగతి చెప్పి తీరాలి, లేకపోతే లివర్ వేసి ఫోర్ వీల్‌లో ఉన్నామనుకుంటారు.

నెలకోసారి లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు నడుపుతాను, ముందు డిఫరెన్షియల్‌లో ఆయిల్ పైదాకా పాకుతుంది, డయల్ కూడా పట్టేయదు. లోతు నీళ్లలోంచి వచ్చినప్పుడల్లా మూత విప్పి చూస్తాను. గ్రీజు పాలలా తెల్లబడితే నీళ్లు దూరినట్టే. తుడిచి, కొత్త గ్రీజు రాసి, నీళ్లు దూరకుండా ఆపే రబ్బరు రింగును (O-రింగ్) మార్చేస్తాను.