స్లీప్‌గ్రాఫ్: నిద్ర లేచే కంప్యూటర్‌ను ఏ డ్రైవరు ఆపుతోందో చూపే సాధనం

స్లీప్ నుంచి లేచేటప్పుడు లినక్స్ యంత్రం ఎక్కడ ఆలస్యం చేస్తోందో తేల్చడానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్నది స్లీప్‌గ్రాఫ్. ఇంటెల్ ఇంజనీర్లు పైథాన్‌లో రాసిన ఈ స్క్రిప్టుకు మొదట్లో అనలైజ్_సస్పెండ్ అని పేరు ఉండేది. ఇప్పుడు పీఎం-గ్రాఫ్ అనే సాధనాల మూటలో భాగంగా, లినక్స్‌కు కేంద్రమైన కెర్నెల్ సోర్సు కోడుతోనే వస్తోంది. విశాఖపట్నంలో ద్వారకానగర్ శిక్షణ కేంద్రాల డెస్క్‌టాప్‌లు, లాసన్స్ బే వైపు చిన్న కార్యాలయాల యంత్రాలు చూసుకునే పనిలో దీని మంచిచెడ్డలు రెండూ నాకు తెలిశాయి.

ఇంతకుముందున్న పద్ధతి పనికిరానిదేమీ కాదు. పీఎం_ప్రింట్_టైమ్స్ అనే కెర్నెల్ సెట్టింగులో 1 రాసి యంత్రాన్ని పడుకోబెట్టి లేపితే, ఒక్కో పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరు, ఎన్ని మైక్రోసెకండ్లు తీసుకుందో కెర్నెల్ లాగ్‌లో (కెర్నెల్ రాసుకునే చిట్టాలో) వరుసగా పడుతుంది. అయితే చాలా పరికరాలు ఏకకాలంలో మేల్కొంటాయి కాబట్టి ఆ అంకెలను కూడినా ఏమీ తేలదు. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు వేరొకరి కోసం వేచి ఉన్నారో వాటిలో కనబడదు. స్లీప్‌గ్రాఫ్ అదే సమాచారాన్ని కెర్నెల్‌లో జరిగేవాటిని నమోదు చేసే ఎఫ్‌ట్రేస్ నుంచి, లాగ్ నుంచి తీసుకుని బ్రౌజరులో తెరుచుకునే కాలరేఖగా గీస్తుంది. యంత్రం లేచేటప్పుడు వరుసగా దాటే నోఐఆర్‌క్యూ, ఎర్లీ, రెజ్యూమ్, కంప్లీట్ దశలు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. ఒక్కో పరికరం ఒక్కో పెట్టె, దానిపై మౌసు పెడితే డ్రైవరు పేరు, మిల్లీసెకండ్లు కనిపిస్తాయి. ఆర్‌టీసీవేక్ ఆప్షన్ ఇస్తే యంత్రం లోపలి గడియారం అలారంతో తనంతట తానే లేస్తుంది కనుక పరీక్షను మళ్లీ మళ్లీ ఒకే తీరుగా నడపవచ్చు.

కొత్తగా వాడేవారు అన్నిటికన్నా పొడుగు పెట్టెనే దోషి అనుకుంటారు. చాలాసార్లు కాదు. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు మళ్లీ వేగం అందుకోవడానికి కొన్ని సెకండ్లు పడుతుంది, దాని పెట్టె తెర సగం ఆక్రమిస్తుంది. కానీ 2014లో వచ్చిన 3.15 కెర్నెల్ నుంచి డిస్కు తిరగడం పూర్తయ్యే దాకా మిగతా వ్యవస్థను ఆపకుండా ఏర్పాటు చేశారు. సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలో ఉండి, ఆ డిస్కులో పాత బిల్లులు మాత్రమే ఉంటే వాడుకరికి తేడా తెలియదు. (ఈ భాగాన్ని తర్వాతి కెర్నెళ్లలో మళ్లీ మార్చారు కాబట్టి, డిస్కును వదిలేసే ముందు కెర్నెల్ వెర్షన్ చూసుకోవడం మేలు.)

అసలు బాధ పెట్టేవి వేరు. లాసన్స్ బే దగ్గర ఒక కార్యాలయంలో తెర వెలుగుతుంది గాని మౌసు కదలదు. “పాడైపోయిందేమోనని మళ్లీ పవర్ బటన్ నొక్కేస్తున్నాం సార్” అనేవారు. కాలరేఖలో రెజ్యూమ్ దశ మొత్తం ఒక యూఎస్‌బీ వేలిముద్రల యంత్రం పెట్టె కిందే సాగింది. పరికరాలన్నీ తమ రెజ్యూమ్ ముగించేదాకా కెర్నెల్ వాడుకరి ప్రోగ్రాములను కదలనివ్వదు కాబట్టి, ఆ ఒక్క పెట్టె అందరినీ పట్టి ఉంచింది. అదే సమయానికి లాగ్‌లో డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి ఇచ్చే వివరాలు) చదవలేకపోయినట్టు ఎర్రర్ -110, అంటే గడువు మీరిందని, పదే పదే ఉంది. అలాంటి ఒక్కో ప్రయత్నానికి డిఫాల్ట్ గడువు 5 సెకండ్లు. పోర్టులోకి టార్చి వేసి చూస్తే కాంటాక్టుల మీద పచ్చటి చిలుము. సముద్రపు గాలికి ఇక్కడ ఇది కొత్తేమీ కాదు. పరికరాన్ని వెనక పోర్టుకు మార్చి మళ్లీ కొలిస్తే ఆ పెట్టె దాదాపు కనబడకుండా పోయింది. డ్రైవరు మార్చాలని అప్పటికే ఒకరు సలహా ఇచ్చి ఉన్నారు.

డ్రైవరే కారణమైన చోట నాకు బాగా అక్కరకొచ్చినది డెవ్ ఆప్షన్. అది పెట్టె లోపల ఎంస్లీప్ (కాసేపు ఆగమనే ఫంక్షన్) వంటి పిలుపులను కూడా చూపుతుంది కాబట్టి, ఒక ల్యాప్‌టాప్ వైఫై డ్రైవరు పని చేయడం లేదని, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేరు) జవాబు కోసం ఆగుతూ ఆగుతూ కూర్చుందని ఒక్క చూపులో తెలిసింది. పడుకోబెట్టే ముందు ఆ డ్రైవరు మాడ్యూల్‌ను కెర్నెల్ నుంచి తీసేసి కొలిస్తే నిర్ధారణ అయింది.

ఇక లోపాలు. పూర్తి కాల్‌గ్రాఫ్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపే పటం) అడిగితే కొలిచే భారమే సమయాన్ని పెంచుతుంది, హెచ్‌టీఎంఎల్ ఫైలు కూడా పాత యంత్రాల బ్రౌజరు మొరాయించేంత పెద్దదవుతుంది. అందుకే ముందు మామూలుగా కొలిచి, అనుమానం కుదిరాకే దాన్ని వాడతాను. రూట్ (నిర్వాహకుడి) హక్కులు, ట్రేసింగ్ సౌకర్యంతో కట్టిన కెర్నెల్ తప్పనిసరి. బయోస్ తీసుకునే సమయం, ఆ లెక్కను నమోదు చేసే ఏసీపీఐ ఎఫ్‌పీడీటీ పట్టిక ఇచ్చే యంత్రాల్లోనే తెలుస్తుంది. నిద్ర రకాన్ని ఎంచే మెమ్_స్లీప్ సెట్టింగులో డీప్ (గాఢ నిద్ర) ఉన్న యంత్రాన్ని, ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర) ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు, కానీ సాధనం మిమ్మల్ని వారించదు. డెస్క్‌టాప్ లాక్ తెర ఆలస్యం చేస్తే అది కెర్నెల్ సమయంలోకి రాదు.

నాకు అన్నిటికన్నా లోటుగా కనిపించేది ఇంకొకటి. తల్లి పరికరం కోసం దానికి తగిలించి ఉన్న పిల్ల పరికరం ఆగినప్పుడు, ఎవరి వెనక ఎవరు ఆగారో ఆ గొలుసును సాధనమే గీసి చూపితే బాగుండేది. ఇప్పటికైతే పెట్టెల అంచులు ఎక్కడ కలుస్తున్నాయో కంటితో చూసుకుంటూ, పక్క విండోలో లాగ్ తెరిచి సమయాలు సరిచూసుకోవలసిందే.