టూమ్ రైడర్: పాతదానికి మెరుగా, కొత్త పుట్టుకా?

టూమ్ రైడర్ లాంటి పాత వీడియో గేమ్ సిరీస్‌లు తిరిగొస్తే ఎలా రావాలన్నది బరంపురంలో మా తెలుగు కుర్రాళ్ల మధ్య ఇంకా తెగని వాదన.

2024 రీమాస్టర్‌లో, అంటే పాత ఆటలకే మెరుగులు దిద్దిన రూపంలో, 1996 నాటి తొలి ఆట, తర్వాతి రెండూ దాదాపు అలాగే ఉన్నాయి. ఒక్క బటన్ నొక్కితే పాత గ్రాఫిక్స్, మళ్లీ నొక్కితే కొత్తవి. దారి మనమే వెతుక్కోవాలి, దూకే ముందు దూరం లెక్కేసుకోవాలి. నాకు సాహసమంటే అదే. పాత కంట్రోల్స్ మొండివి కాబట్టి ఆధునికమైనవీ ఇచ్చారు.

2013 రీబూట్‌లో, అంటే సిరీస్‌ను మొదటి నుంచి కొత్తగా మొదలుపెట్టిన ఆటలో, కథకు బలం ఎక్కువ, కథానాయిక లారా భయం మనకూ అంటుకుంటుంది. కానీ చిక్కుముళ్లు విప్పాల్సిన సమాధులు చిన్నవై పక్కకు జరిగాయి, కాల్పులు ముందుకొచ్చాయి. కొత్తగా ఆడే తమ్ముళ్లకు ఇదే ఇస్తాను. నా ఓటు మాత్రం రీమాస్టర్‌కే. ఇకమీదట కొత్త ఆట తీసేవాళ్లు ఆ చిక్కుముళ్లను మళ్లీ నడిమధ్యకు తేవాలి.