లోహపు రంగుల సమీక్ష: మెరుపు సీసాలో లేదు, కింది పూతలో ఉంది

రంగే వేయని విమానానికి రంగు వేయడం, విమానాల చిన్న ప్లాస్టిక్ నమూనాలు (స్కేల్ మోడళ్లు) చేసే ఈ హాబీలో అన్నిటికన్నా కష్టమైన పని. పచ్చ, గోధుమ మచ్చల కామోఫ్లాజ్ ఉన్న మోడల్‌లో చిన్నాచితకా లోపాలు ఆ మచ్చల్లో కలిసిపోతాయి. మస్టాంగ్, సేబర్, తొలినాళ్ల మిగ్-21 లాంటి వెండిరంగు విమానాలైతే అతుకు దగ్గర మిగిలిపోయిన వెంట్రుకంత గీత కూడా దీపం కిందకు రాగానే బయటపడుతుంది. నేను కొన్నేళ్లుగా 1/48, 1/72 కొలతల్లో (అసలు విమానంలో 48వ, 72వ వంతు) ఎక్కువగా ఇలాంటి విమానాలే చేస్తున్నాను. ఆల్‌క్లాడ్ టూ ల్యాకర్లు (ఘాటైన ద్రావకంలో కలిపిన రంగులు), వల్లేజో మెటల్ కలర్, తమియా ఎల్‌పీ సీసాలు, మిస్టర్ కలర్ సూపర్ మెటాలిక్ రంగులు మళ్లీ మళ్లీ కొని ఖాళీ చేశాను. ఈ సమీక్ష వాటి గురించే. ఇత్తడి, రాగి, బంగారు రంగుల జోలికి పోవడం లేదు. వాటిలో ఏది కొన్నా పని గడిచిపోతుంది, చిక్కంతా అల్యూమినియంతోనే.

ముందు ఒక అపోహ తీరాలి. కూడళ్లలోనూ, విద్యాసంస్థల ముందూ దిమ్మెల మీద నిలబెట్టిన పాత యుద్ధవిమానాలను చూసి, లోహం అంటే అలా ఉంటుందనుకుంటారు చాలామంది. వాటిలో చాలావాటి మీద కనిపించేది ఎండకూ వానకూ తట్టుకోవడానికి పూసిన వెండి పెయింటు. ఎగిరే రోజుల్లో విమానపు పైరేకు డ్యూరాల్యూమిన్ అనే అల్యూమినియం మిశ్రమం. తుప్పు పట్టకుండా దాని మీద శుద్ధ అల్యూమినియం పలుచని పొర ఉంటుంది. ఫ్యాక్టరీ గడప దాటిన రోజున అది తళతళలాడినా ఎండకూ, చిందిన ఇంధనానికీ, మెకానిక్కుల బూట్లకూ కొద్దికాలంలోనే మందగిస్తుంది. కొత్త స్టీలు గ్లాసులా కాదు, రోజూ తోముతున్న సత్తుగిన్నెలా ఉంటుంది: మెరుపు ఉంటుంది గానీ అందులో ముఖం చూసుకోలేం. అందుకే క్రోమ్ రంగును నేను విమానం ఒంటికి వాడను. ల్యాండింగ్ గేర్‌లో నూనెతో జారే కడ్డీకి, కార్ల బంపర్లకు మాత్రం దాన్ని మించింది లేదు.

మామూలు సిల్వర్ పెయింటుతో పని ఎందుకు జరగదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. లోహపు రంగు అంటే ద్రవంలో తేలే అల్యూమినియం రేకుముక్కలు. ఆ ముక్క వెడల్పు 20 మైక్రాన్లనుకుందాం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1/48 మోడల్ మీద అది అసలు విమానంలో దాదాపు ఒక మిల్లీమీటరుకు సమానం, 1/72లో దాదాపు ఒకటిన్నర. అంటే విమానం నిండా తళుకులు చల్లినట్టే. కంటికి అది లోహంలా కాక పెళ్లి పందిరి అలంకరణలా తోస్తుంది. నేను ఈ సమీక్షలో చెప్పే నాలుగు రకాల్లోనూ రేకులు ఎంతో సన్నగా ఉంటాయి. ధరలో తేడా చాలావరకు అక్కడి నుంచే వస్తుంది.

ఇక అసలు విషయం. ఈ రంగులు వేసిన పూత ఎంత పలుచగా ఉంటుందంటే, కింద ఏముందో అది పైకి కనబడుతూనే ఉంటుంది. కింద నున్నటి, నిగనిగలాడే నలుపు ఉంటే రేకులు దాని మీద పరుచుకుని పడుకుంటాయి. రేకుల మధ్య సందుల్లోకి దూరిన వెలుతురును నలుపు మింగేస్తుంది, మనకు ఒకే దిక్కున తిరిగి వచ్చే ప్రతిఫలనం మాత్రమే కనబడుతుంది. కింద గరుకు ఉంటే రేకులు తలో దిక్కుకూ వాలి, వెలుతురు చెల్లాచెదురై, బూడిదరంగు మిగులుతుంది. కాబట్టి నా సమయంలో అధికభాగం వెండిరంగుకు కాదు, నలుపుకే పోతుంది. అతుకులకు లప్పం పెట్టి, వాటర్ పేపర్ 2000 నంబరు దాకా నీళ్లతో రుద్ది, ఆపైన మైక్రోమెష్ గుడ్డలు 12000 వరకు తిప్పుతాను. అప్పుడు ప్రైమర్ (రంగుకు పట్టునిచ్చే అడుగు పూత), దాని మీద గ్లాస్, అంటే నిగనిగలాడే, నలుపు. ఈ నలుపు విషయంలో ఒక హెచ్చరిక. లోహపు రంగుల కోసమే అని అమ్మే ఒక నల్ల బేస్ రోజుల తరబడి ఆరక, వేలు తగిలితే ముద్ర పడే జిగటలోనే ఉండిపోయింది. దాన్ని వదిలేసి తమియా ఎల్‌పీ-1 నలుపుకు మారాను. ల్యాకర్ థిన్నర్‌తో పలుచన చేసి కొట్టి రెండు రోజులు మూతపెట్టిన డబ్బాలో ఉంచితే గాజులా గట్టిపడుతుంది. డబ్బా తెరవగానే దీపం ప్రతిబింబం ఆ నలుపులో అంచులు చెదరకుండా కనబడాలి. అంచులు చెదిరితే మళ్లీ రుద్దడమే, వేరే దారి లేదు.

ఆల్‌క్లాడ్‌తో నా బంధం ఇందరిలోనూ పాతది. 30 మిల్లీలీటర్ల గాజుసీసాలో, ఎయిర్‌బ్రష్‌లో (కంప్రెసర్ గాలితో రంగును చిమ్మే పరికరం) నేరుగా పోసుకునేంత పలుచగా వస్తుంది. సీసాను తిరగేసి చూస్తే అడుగున రేకుల మడ్డి, పైన నీళ్లలాంటి ద్రవం. బాగా గిలకొట్టకుండా కప్పులో పోస్తే రంగు లేని థిన్నరే పడుతుంది. 12 నుంచి 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి, 0.3 మిల్లీమీటర్ల సూది, మోడల్‌కు దగ్గరగా పట్టి, తడి తెలియనంత పలుచని పూతలు. మొదటి పూతలో నలుపు మీద పొగ పట్టినట్టు ఉంటుంది, రెండోదాంట్లో రంగు తేలుతుంది, మూడోదాంట్లో లోహం పుడుతుంది. ఆపాల్సింది అక్కడే. ఇంకాస్త వేద్దామనిపిస్తుంది, వేస్తే మెరుపు చచ్చి మామూలు వెండి పెయింటులా మిగులుతుంది. క్రోమ్, పాలిష్డ్ అల్యూమినియం, ఎయిర్‌ఫ్రేమ్ అల్యూమినియం లాంటి అధిక మెరుపు రకాలకు నలుపు తప్పనిసరి. డల్ అల్యూమినియం, డార్క్ అల్యూమినియం, డ్యూరాల్యూమిన్, మెగ్నీషియం, స్టీల్ లాంటివి బూడిదరంగు ప్రైమర్ మీద కూడా చక్కగా కూర్చుంటాయి. నేను ఎక్కువగా కొనేది ఈ రెండో జాతినే.

ఆల్‌క్లాడ్‌ను మెచ్చుకోవడానికి అసలు కారణం మెరుపు కాదు, టేపును తట్టుకోవడం. ల్యాకర్ కింది పొరను కొద్దిగా కరిగించి పట్టుకుంటుంది. ఒక ప్యానెల్ (పైరేకు పలక) మీద టేపు వేసి పక్కదానికి వేరే ఛాయ కొట్టి, టేపు తీసి మళ్లీ ఇంకో ప్యానెల్ మీద వేయవచ్చు. లోహపు మోడల్‌కు ప్రాణం ఈ ఛాయల తేడాలోనే ఉంది కాబట్టి ఆ ఓర్పు చాలా విలువైనది. అయినా టేపును ముందు అరచేతికి ఒకసారి అంటించి జిగురు తగ్గించుకోవడం మంచిది. ప్రైమర్ లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద కొడితే మాత్రం ఇందులోని ఘాటైన ద్రావకం ప్లాస్టిక్‌ను కొరికి సన్నని బీటలు తెప్పించగలదు.

ఆ ఘాటే దీని పెద్ద లోపం కూడా. కిటికీ తెరిచి ఫ్యాను పెట్టుకుంటే చాలదు. గుడ్డ మాస్కులు ధూళిని ఆపుతాయి గానీ ఆవిరిని ఆపవు, బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పక్కగదిలో స్టవ్ గానీ దేవుడి దీపం గానీ వెలుగుతుంటే కంప్రెసర్ ఆన్ చేయనే కూడదు.

మన వాతావరణం సంగతి సీసా మీద ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పాలి. వానాకాలంలో గాలి తేమగా ఉన్నప్పుడు ల్యాకర్ కొడితే, ద్రావకం ఆవిరయ్యే వేగానికి మోడల్ ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద పడుతుంది. లోహం మీద తెల్లని మబ్బు కమ్ముతుంది. విశాఖ లాంటి సముద్రతీరంలో ఏడాదిలో సగం రోజులు ఇదే బాధ. ఏసీ గదిలో తేమ తగ్గాక కొట్టడం, లేదా పొడి రోజు కోసం ఆగడం, ఈ రెండే మార్గాలు. మే నెల ఎండలో దీనికి ఉల్టా: చుక్క మోడల్‌ను చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుకరేణువులా అంటుకుంటుంది. అప్పుడు మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ కొన్ని చుక్కలు కలిపితే రంగు నిదానంగా ఆరి పరుచుకుంటుంది. కృష్ణా తీరపు ఎండల్లో ఇది లేకుండా నేను నల్ల బేస్ కూడా కొట్టను.

ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి, వాసన గిట్టనివారికి వల్లేజో మెటల్ కలర్ దారి చూపిస్తుంది. ఇది నీటి ఆధారిత రంగు, 32 మిల్లీలీటర్ల సీసా. రేకుల సన్నదనంలో ల్యాకర్లతో సమానంగా నిలబడుతుందని మొదట నమ్మలేదు. డార్క్ అల్యూమినియం, డల్ అల్యూమినియం, డ్యూరాల్యూమిన్ మూడు సీసాలుంటే ఒక యుద్ధవిమానం పూర్తవుతుంది. కుంచెతో కూడా చిన్న భాగాలు వేయవచ్చు, ఆల్‌క్లాడ్‌తో అది కుదరదు. నీటి రంగు గనుక టేపు దగ్గర జాగ్రత్త అవసరం. కింద ప్రైమర్ పట్టు బాగుండాలి, టేపును నిటారుగా లాగకుండా వెనక్కి మడిచి తనమీదుగా తీయాలి. ఎయిర్‌బ్రష్ కొనలో రంగు ఎండి పేరుకుంటుంది, మధ్యమధ్యలో తడి కుంచెతో తుడుస్తూ ఉండాలి. ఇవి గుర్తుపెట్టుకుంటే ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

మిస్టర్ కలర్ సూపర్ మెటాలిక్ వరుసలోని సూపర్ ఫైన్ సిల్వర్ చిన్న 10 మిల్లీలీటర్ల సీసా. మెరుపులో దాన్ని ఎవరూ అందుకోలేరు, కానీ సీసా ఇట్టే అయిపోతుంది, పెద్ద విమానానికి చేయి కాలుతుంది. తమియా ఎల్‌పీ-11 సిల్వర్, ఎల్‌పీ-38 ఫ్లాట్ అల్యూమినియం నిత్యం బల్లమీద ఉండాల్సినవి. అవి బేర్ మెటల్‌ను (రంగు వేయని లోహాన్ని) కాదు, వెండి పెయింటు వేసిన లోహాన్ని చూపించడానికి సరిపోతాయి. ఆ తేడా ఎక్కడ పనికొస్తుందో పీ-51డీ మస్టాంగ్ చెబుతుంది.

మస్టాంగ్ మోడళ్లలో నూటికి తొంభై ముక్కు నుంచి రెక్క చివరి దాకా ఒకే అద్దంలా మెరుస్తుంటాయి, రెక్క నిండా రివెట్లు చుక్కలు పెట్టినట్టుంటాయి. అసలు విమానంలో రెక్క మీద గాలి అలజడి లేకుండా జారాలని ఫ్యాక్టరీలోనే రివెట్లకూ అతుకులకూ లప్పం పెట్టి, రుద్ది, వెండి ల్యాకర్ పూసేవారు. ఒళ్లు మాత్రం బేర్ మెటల్. అంటే ఒకే విమానంలో రెండు వెండిరంగులు. నేను రెక్క మీది రివెట్లను పలుచని పుట్టీతో నింపి, ఎల్‌పీ-38 కొడతాను. ఒంటికి నల్ల బేస్ మీద ఎయిర్‌ఫ్రేమ్ అల్యూమినియం, ఇంజిన్ మూతల్లో రెండు మూడు పలకలకు డ్యూరాల్యూమిన్, ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఉన్న పలకకు స్టీల్. రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) గుడ్డ తొడిగినది కాబట్టి దానికీ పెయింటు వెండే. రెక్క ఒంటిని కలిసే మలుపు దగ్గర ఈ రెండు రంగులూ పక్కపక్కన పడినప్పుడు, ఒకటి వెలుతురును మెత్తగా పరుస్తుంది, రెండోది గీత గీసినట్టు తిప్పికొడుతుంది. మోడల్‌ను కాస్త తిప్పితే తేడా ఎటు కనబడుతుందో అటు మారుతుంది. పాతబడినట్టు చూపించడానికి అద్దే ఏ వెదరింగ్ పొడీ ఆ ప్రభావం ఇవ్వలేదు.

కాలిన లోహం ఇంకో సరదా. ఎఫ్-100 సూపర్ సేబర్ తోకభాగం ఇంజిన్ వేడికి నీలం, ఊదా, గోధుమ చారలు దేరి ఉంటుంది. వేడి తక్కువ ఉన్నచోట గడ్డిరంగు, పెరిగేకొద్దీ గోధుమ, ఊదా, ఆపైన నీలం, ఈ వరస తారుమారు కాకూడదు. స్టీల్ ఛాయ మీద తమియా క్లియర్ ఎల్లో, క్లియర్ ఆరెంజ్, క్లియర్ బ్లూ, స్మోక్ రంగులను బాగా పలుచన చేసి చారలు చారలుగా వదులుతాను. అన్నీ సమానంగా వేస్తే ఇంద్రధనుస్సు అయిపోతుంది. ప్యానెల్ చట్రం ఉన్నచోట లోపలి లోహం మందంగా ఉంటుంది, వేడి వేరుగా పారుతుంది, అక్కడ రంగు తెగాలి.

డెకాళ్ల (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు) దగ్గర ఎంతోమంది మోడల్ పాడవుతుంది. వెనకున్న జిగురు ఆరాక లోహం మీద గోధుమ మరకలా తేలుతుంది. డెకాల్ కూర్చున్న వెంటనే తడి దూదితో చుట్టూ తుడిచేయాలి. డెకాల్‌ను మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌ను ముందు మోడల్ అడుగున ఒక మూల చూసుకోవాలి, కొన్ని లోహపు పూతల మీద మచ్చ వదులుతుంది. పైన గ్లాస్ క్లియర్ (నిగనిగలాడే పారదర్శక పూత) కొట్టకూడదనేది నా పట్టుదల. ఎంత మంచి క్లియర్ అయినా కొంత మెరుపును తినేస్తుంది. ల్యాకర్ పూత గట్టిపడితే ఎనామెల్ వాష్ (గీతల్లోకి పారే బాగా పలుచని రంగు) నేరుగా పెట్టుకోవచ్చు, నలుపు కాదు, ముదురు బూడిద. మోడల్‌ను పట్టుకునేటప్పుడు నూలు చేతితొడుగులు వాడాలి, వేలిముద్రలోని చెమట మెరుపు మీద శాశ్వతంగా నిలిచిపోతుంది.

మన వైమానిక దళపు మిగ్-21 చేయాలనుకునేవారికి ఒక మాట. 1963లో చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌తో మొదలైన ఆ విమానం 2025 సెప్టెంబరులో అక్కడే సెలవు తీసుకుంది, ఇన్నేళ్లలో వెండి ఒళ్లు తొలినాళ్లది. ముక్కు కోను, తోక పైకొన ఆకుపచ్చ, చక్రాల మధ్యభాగాలూ ఆకుపచ్చ. ఆ పచ్చను ముందే కొట్టి, టేపు వేసి, తర్వాత లోహానికి రావాలి. తిరగేసి చేస్తే టేపు భారం మొత్తం వెండి మీద పడుతుంది. తోక గొట్టం చుట్టూ డార్క్ అల్యూమినియం, మిగతా అంతా డల్ అల్యూమినియం. అద్దపు మెరుపు దీనికి అస్సలు నప్పదు.

కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ల్యాకర్లు మండే స్వభావం గలవి కాబట్టి విమాన సరుకుగా వాటిని పంపడానికి ఆంక్షలుంటాయి, రోడ్డు మార్గాన రావడానికి రోజులు పడుతుంది. వానలు మొదలయ్యేలోపే తెప్పించుకుంటే పొడి రోజు దొరికినప్పుడు సీసా చేతిలో ఉంటుంది. మొదటిసారి కొనేవారు అన్నీ ఒకేసారి కొనక, ల్యాకర్ అయితే ఎయిర్‌ఫ్రేమ్ అల్యూమినియం, డ్యూరాల్యూమిన్, స్టీల్ మూడు సీసాలు, ఒక గ్లాస్ నలుపు తీసుకుని ముందు ప్లాస్టిక్ చెంచాల మీద ప్రయోగం చేయండి. వాసన పడనివారు వల్లేజోలో వాటికి దగ్గరి ఛాయలు తీసుకోవచ్చు.