నల్లగొండలో స్పెషాలిటీ కాఫీ: రోజూ అమ్మి, రోజూ తాగి చెప్తున్న మాట

పొద్దస్తమానం కెఫేలో మెషిన్ ముందు నిలబడి కాఫీ తీసేవాణ్ని, ఇంటికొచ్చి మళ్లీ గింజలు తిప్పుకుంటూ కూర్చుంటే మా అమ్మకు నవ్వు. కొన్నేళ్లుగా ఇదే తంతు. ఇంటికి తెప్పించుకునే గింజలు, గ్రైండర్, వాటి చుట్టూ చేరిన సరంజామా అన్నీ బాగా వాడి నలిగాక రాస్తున్నా. గింజలకు పెట్టిన పైసలకు న్యాయం జరిగింది. హంగులకు పెట్టినదాంట్లో సగం దండుగ. ఇక బయట తాగే కప్పు సంగతి, అది అమ్మేది నేనే కాబట్టి కాస్త వివరంగానే చెప్పాలి.

ముందు గింజలు. కాఫీ రుచి చూసే నిపుణులు వందకు మార్కులు వేస్తారు, 80, ఆపైన వస్తే దాన్ని స్పెషాలిటీ అంటారు. అంతకు మించి ఆ పేరులో మాయేం లేదు. అరకు అరబికా, చిక్కమగళూరు అరబికా రెండూ మార్చి మార్చి తెప్పిస్తుంటా. ఈ రెండింటికీ 2019లోనే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే ముద్ర, వచ్చింది. తక్కువ వేపిన అరకు గింజలు పాలు లేకుండా తాగితేనే బాగుంటాయి. ఆ పండు పులుపు చల్లారేకొద్దీ తేలుతుంది. అదే గింజని స్టీలు ఫిల్టర్‌లో వేసి పాలు కలిపారా, పుల్లటి పాలు తాగినట్టే. పాల కాఫీకి మధ్యస్థంగా వేపిన చిక్కమగళూరు పీబెర్రీ (కాయలో ఒక్కటే గుండ్రటి గింజ ఉండే రకం) చాలు. ప్యాకెట్ మీద ద్రాక్ష, నేరేడు, బెల్లం అని రాసి ఉంటే సిరప్ కలిపారనుకోవద్దు. "అన్నా, ద్రాక్ష వాసనొస్తదని రాసిండ్రు, యాడుంది?" అని అడిగినవాళ్లు మా కౌంటర్ దగ్గర చాలామందే. వాసన ఉంటుంది, కానీ రెండు చెంచాల చక్కెర వేశాక వెతికితే దొరకదు.

ఒకటి మాత్రం తప్పకుండా చూడండి: వేపిన తేదీ. అది వేయని ప్యాకెట్ ఎంత పేరున్నదైనా నేను కొనను. వేపిన వారానికి విప్పి, నెల, నెలన్నర లోపల అవగొట్టాలి. కొట్లో దొరికే పొడి అయితే చికోరీ (ఒక మొక్క వేరు వేపి చేసే పొడి) ఎంతో చదవండి. కాఫీ, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతం ఉంటే చాలని మన నిబంధన. అంటే దాదాపు సగం ప్యాకెట్ చికోరీ అయినా చట్టప్రకారం అది సక్రమమే.

గ్రైండర్ విషయానికొస్తే, చేత్తో తిప్పేది, లోపల స్టీలు బర్ర్ (గింజని మధ్యలో పెట్టి నలిపే పళ్ల చక్రాలు) ఉన్నది తీసుకున్నా. మిక్సీ బ్లేడు గింజని నరుకుతుంది, కొంత పిండి, కొంత రవ్వ. పిండి చేదెక్కుతుంది, రవ్వ పుల్లగా మిగులుతుంది, రెండూ ఒకే గ్లాసులో. బర్ర్ గ్రైండర్‌కి ఆ బాధ లేదు. 15 గ్రాములు తిప్పడానికి నిమిషం కూడా పట్టదు. నీళ్లతో కడగను, బ్రష్‌తో దులుపుతా. పిడి మీది చెక్క గుండు మధ్యలో ఒకసారి ఊడొచ్చింది, ఫెవిక్విక్ పెట్టి అతికించా, ఇప్పటికీ అదే నడుస్తోంది. అసలు లోటు వేరే: ఒకసారికి 20 గ్రాములే పడతాయి. ఇంటినిండా చుట్టాలుంటే భుజం పడిపోతుంది. అప్పుడు ఇన్‌స్టంటే, అందులో సిగ్గేం లేదు.

నీళ్లు. నల్లగొండవాళ్లకు నీళ్ల గురించి ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్‌తో వంగిపోయిన మనుషులను చూసి పెరిగినవాళ్లం. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు ప్రపంచమంతా స్థిరపడిపోయింది. మా ఊరికి వచ్చిన ఖ్యాతి అలాంటిది. కాఫీకి బోరు నీళ్లు వద్దే వద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరై నీళ్లు తగ్గినకొద్దీ దాని మోతాదు ఇంకా పెరుగుతుంది.

అందరూ చేసేది ఆర్‌ఓ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకోవడం. తాగడానికి ఇబ్బంది లేదు, కాఫీకే చిక్కు. గింజలోని రుచిని బయటికి లాగేది నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. ఆర్‌ఓ వాటిని దాదాపు తుడిచిపెట్టేస్తుంది. ఆ నీళ్లతో తీసిన కాఫీ పలచగా, ఒట్టి పులుపుగా ఉంటుంది. మరీ గట్టి నీళ్లయితే దీనికి తలకిందులు, పులుపంతా చచ్చిపోయి సుద్ద తాగినట్టుంటుంది. కాఫీకి లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపుల్లో లవణాలున్న నీళ్లు బాగుంటాయని లెక్క. మా క్యాన్ నీళ్లలో, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 35 చూపించింది, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు 310. రెండు గ్లాసుల క్యాన్ నీళ్లకు ఒక గ్లాసు నల్లా నీళ్లు కలిపితే 127 దగ్గర ఆగింది. అదే గింజ, అదే పొడి, నీళ్లు మాత్రం వేరుగా రెండు గ్లాసులు తీసి మా చెల్లెకు ఇచ్చా. కాఫీ అంటే పెద్దగా పడని మనిషి, ఏది బాగుందో ఒక్క గుక్కలో చెప్పేసింది. గింజ మార్చినప్పుడు కూడా ఇంత తేడా నాకు కనపడలేదు. ఒక్క జాగ్రత్త: టీడీఎస్ మీటర్ కరిగినవన్నీ కలిపి ఎంతో చెప్తుంది తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. మీటర్ మీద నమ్మకంతో బోరు నీళ్లు కలపకండి.

ఇప్పుడు ధర. 2024లో వియత్నాం కరువుకు రోబస్టా, ఆ వెనకే బ్రెజిల్ కరువుకు అరబికా ధరలు ఎగిరాయి. 2025 ఫిబ్రవరిలో అరబికా అంతర్జాతీయ మార్కెట్లో పౌండుకు నాలుగు డాలర్లు దాటింది. నేను తెప్పించే 250 గ్రాముల ప్యాకెట్ 420 నుంచి 560కి చేరింది. ఇంట్లో 15 గ్రాములకు 34 రూపాయలు, పాలు, గ్యాస్ కలిపినా నలభై అయిదు దాటదు.

కెఫేలో కాపుచినోకి 18 గ్రాములు వాడతాం. గింజ 40, పాలు 10, చక్కెర, టిష్యూ ఇంకో రెండు మూడు. మెనూలో 190. మిగతాదంతా లాభమే అనుకుంటే పొరపాటు. కిరాయి, జీతాలు, కరెంటు, మెషిన్ సర్వీసు అందులోవే. పొద్దున షట్టర్ ఎత్తగానే గ్రైండర్ సెట్ చేయడానికి మూడు నాలుగు కప్పుల కాఫీ సింకులోకే పోతుంది. మెషిన్ రోజంతా వేడిగా ఉంటుంది, జనం మాత్రం సాయంత్రమే వస్తారు. అయినా ఒక మాట దాచను. గింజ ధర పెరిగినందుకు మాకు కప్పు మీద పడింది పది రూపాయలు, మెనూ మీద పెరిగింది ముప్పై. గింజల రేటు పెరిగిందని మా ఓనర్ బోర్డు పెట్టి మిగతా ఖర్చులన్నీ దాని వెనక సర్దేశారు. ఎందుకని అడిగిన కస్టమర్‌కి సమాధానం చెప్పాల్సింది కౌంటర్‌లో ఉన్న నేను.

"ఏందన్నా, నూటతొంభయ్యా? గా పైసలతోని ఇంటిల్లిపాది చాయ్ తాగొచ్చు" అంటారు. అన్నవాళ్లే శనివారం రాత్రి మండి హోటల్‌లో పళ్లెం చుట్టూ కూర్చుని పన్నెండు వందలు మారు మాట్లాడకుండా కట్టేస్తారు. నాకు అందులో వింతేం కనపడదు. మండిలో నలుగురికి కడుపు నిండుతుంది, చేతులు కడుక్కుని లేచిపోతారు. మా దగ్గర ఒక్క కాపుచినో పెట్టుకుని ఏసీలో రెండు గంటలు కూర్చుంటారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, పెళ్లిచూపులకు ముందు ఒకసారి మాట్లాడుకుందామని వచ్చినవాళ్లు. వాళ్లు కొనేది కుర్చీ, కాఫీ దాని టికెట్టు. ఈ ఊళ్లో ఆడపిల్లలు ఇద్దరు నిశ్చింతగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఎన్ని చోట్లున్నాయో లెక్కపెట్టండి, 190 ఎక్కువో తక్కువో అప్పుడు చెప్పొచ్చు. పార్సిల్ తీసుకెళ్లేవాళ్లకు మాత్రం ఇది అన్యాయమైన ధరే. కూర్చోనివాడు కూడా కుర్చీ కిరాయి కడుతున్నాడు.

బయటికెళ్తే పోర్‌ఓవర్ (ఫిల్టర్‌లో పొడి వేసి పైనుంచి వేడినీళ్లు పోసి తీసేది) తాగకండి అంటా, మా ఓనర్ వినకపోతే చాలు. ఇంట్లో 34 రూపాయల గింజతో అంతకంటే బాగా వస్తుంది. బయట తాగాల్సింది ఎస్ప్రెసో, దాని మీద పాలు పోసి చేసేవి. తొమ్మిది బార్ల ఒత్తిడితో 18 గ్రాముల పొడిలోంచి 36 గ్రాముల చిక్కటి కాఫీని అరనిమిషంలో లాగడం ఇంట్లో ఉండే మామూలు ఫిల్టర్లతో అయ్యే పని కాదు. ఆర్డరిచ్చే ముందు పాలు కాచే ఆవిరి గొట్టం వైపు ఒక చూపు వేయండి. దానికి ఎండిన పాల చెక్కు కట్టి ఉంటే అల్లం చాయ్ చెప్పుకుని ఊరుకోండి. విజయవాడ హైవే మీద నేను ఎన్నోసార్లు పాటించిన సూత్రం ఇదే. ఇంకోటి, "ఇంకా వేడిగా" అని అడక్కండి. పాలు 60, 65 డిగ్రీల దగ్గర తియ్యగా ఉంటాయి, 70 దాటితే ఆ తీపి పోతుంది, నురగ విరిగిపోతుంది. పొగలు కక్కే చాయ్‌కి అలవాటైన నాలుక మనది, నాకు తెలుసు. అడిగితే చేసిస్తా, మనసు ఒప్పుకోకపోయినా.

బిల్లు కూడా చూసుకోండి. మామూలు హోటల్‌లో జీఎస్టీ 5 శాతం. చిన్న హోటళ్లలో కాంపోజిషన్ స్కీమ్ (అమ్మకాల మీద పన్ను తామే సొంతంగా కట్టే పద్ధతి) కింద ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాయాలి. రాసి ఉండి కూడా ట్యాక్స్ వేస్తే నిలదీయండి. హైదరాబాద్ పోయినప్పుడు సర్వీస్ ఛార్జీ వేస్తే తీసేయమనే హక్కు మీకుంది. 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను 2025లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

మళ్లీ కొనమంటే గ్రైండర్ కొంటా, కిచెన్ తూకం కొంటా, టీడీఎస్ మీటర్ కొంటా. కొంగమెడ కెటిల్ మాత్రం కొనను, ముక్కున్న స్టీలు చెంబు అదే పని చేస్తుంది. స్టీలు ఫిల్టర్‌ని తక్కువ చేయకండి. 20 గ్రాముల పొడి, మరిగి కాస్త తగ్గిన నీళ్లు 120 మిల్లీలీటర్లు, ముందు పొడి తడిసేంత పోసి అరనిమిషం ఆగి మిగతావి పోస్తే పావుగంటలో ఇద్దరికి డికాషన్ దిగుతుంది.

ఎండాకాలంలో ఒకేసారి కిలో తెప్పించకండి. 44 డిగ్రీల ఎండలో డెలివరీ బ్యాగులో ఊరంతా తిరిగిన గింజ నూనె చెమర్చి వస్తుంది, వాసన దారిలోనే సగం పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేనైతే హైదరాబాద్ పనిపడినప్పుడు రోస్టరీలోనే పావుకిలో కొని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటా. పని పడకపోతే ఆ నెలంతా చాయే.