రోలర్లా, ట్రైనరా: ఇంట్లో తొక్కినా రోడ్డు మీద ఉన్నట్టుండాలంటే ఏది మేలు?

మే నెలలో కర్నూలులో పొద్దున ఎనిమిది దాటితే రోడ్డెక్కడం కష్టం. ఇంట్లో తొక్కుదామనుకునేవాళ్ళు ముందు అడిగేది, రోడ్డు మీద తొక్కినట్టు ఏది ఉంటుందని. ఆ 'ఉన్నట్టు'లో రెండు సంగతులున్నాయి: సైకిల్ మన కింద అటూ ఇటూ ఊగడం ఒకటి, కాలు ఆపినా బండిని ముందుకు లాక్కుపోయే ఊపు ఇంకొకటి.

మొదటిది రోలర్ల సొత్తు. రోలర్లంటే సైకిల్ రెండు చక్రాల కిందా తిరిగే డ్రమ్ముల చట్రం. సైకిల్‌ను ఎవరూ పట్టుకోరు, బ్యాలెన్స్ మనదే. వెనక రెండు డ్రమ్ములు, ముందొకటి, బెల్టుతో కలిసి తిరుగుతాయి. ముందు డ్రమ్ము ముందు చక్రం ఇరుసుకు సరిగ్గా కిందో, ఒక సెంటీమీటరు వెనకో ఉండాలి. ఇరుసుకంటే ముందుకు జరిగితే హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. మొదటి వారం తలుపు గుమ్మంలో పెట్టి తొక్కండి, పడబోతే రెండు పక్కలా పట్టు దొరుకుతుంది. చూపు చక్రం మీద కాదు, రెండు మీటర్ల ముందు. మెల్లగా తొక్కితేనే ఎక్కువ తూలుతుంది.

ఊపు దగ్గర మాత్రం రోలర్లు తేలిపోతాయి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే రోడ్డు మీద దాదాపు 2,780 జౌళ్ళ శక్తి దాచి ఉంటుంది. రోలర్ల మీద తిరిగేవి చక్రాలూ డ్రమ్ములే, మనిషి బరువు కదలదు. కాలు ఆపితే కొద్ది సెకన్లలోనే నిలబడిపోతుంది. డ్రమ్ము సన్నమైన కొద్దీ టైరు ఎక్కువ నొక్కుకుని తొక్కడం బరువవుతుంది. 110 మిల్లీమీటర్ల డ్రమ్ము తేలిక, 57ది గట్టి.

ట్రైనర్ సైకిల్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది. వెనక చక్రం తీసి చెయిన్ నేరుగా తగిలించే ట్రైనర్లో, 5–7 కిలోల ఫ్లైవీల్ (ఊపును దాచుకునే బరువైన చక్రం) ఉన్న రకమైతే, ఊపు బాగా వస్తుంది. కిటుకు గేర్లో ఉంది. వాట్లను, అంటే మనం తొక్కే బలాన్ని, యాప్ తానే నిలబెట్టే మోడ్‌లో పెద్ద చెయిన్‌రింగ్ (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం), వెనక చిన్న పళ్ళ చక్రం వేస్తే ఫ్లైవీల్ జోరుగా తిరిగి 44వ జాతీయ రహదారి మీద పోతున్నట్టుంటుంది. చిన్న చెయిన్‌రింగ్, పెద్ద పళ్ళ చక్రం వేస్తే అవే వాట్లు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నట్టు ప్రతి తొక్కుకూ తగులుతాయి. ఎత్తు మీద 10 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తి 310 జౌళ్ళే మరి!

కొనేముందు సైకిల్ వెనక చూడండి. చవక సైకిళ్ళకు మరతో బిగించే 7 పళ్ళ చక్రాల ఫ్రీవీల్ ఉంటుంది, అది ఈ ట్రైనర్‌కు ఎక్కదు. విడిగా 7 స్పీడ్ క్యాసెట్ (ట్రైనర్‌కు తొడిగే పళ్ళ చక్రాల కట్ట), దానికి తగిన స్పేసర్ (ఖాళీ నింపే రింగు) కొనాలి. టైరును నొక్కి తిప్పే చవక రకంలో బొడిపెల టైరు మోత పెడుతుంది, తొందరగా అరుగుతుంది.

కరెంటు పోతే యాప్‌తో నడిచే స్మార్ట్ ట్రైనర్లు చాలావాటిలో బరువు మార్చే పని ఆగిపోతుంది, రోలర్లకు ఆ బాధ లేదు. ఫ్యాన్ లేకపోతే మాత్రం రెండింటి మీదా పది నిమిషాల్లో చెమట కారుతుంది. మన పొడిగాలికి ఎదురుగా పెట్టిన ఫ్యాన్ బాగా పనిచేస్తుంది.

ఘాట్లెక్కడానికి కాళ్ళను తయారు చేసుకోవాలంటే ట్రైనరే. హ్యాండిల్ వణుకు పోవాలన్నా, గుండ్రంగా తొక్కడం రావాలన్నా రోలర్లు చాలు, వాటికి అయ్యే ఖర్చూ తక్కువే.